పిడుగుకు నీళ్లు పోసిన ఎండాకాలం

నిన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో ఫోను కీచుమంది. సర్కారువారి హెచ్చరిక. మీ మండలంలో పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడకండి, పొలాల్లో ఉన్నవాళ్లు ఇళ్లకు చేరండి అని. కోడలు వచ్చి కిటికీలు మూసింది. టీవీ తీగ పీకింది. "అత్తా, ఈ కాసేపు వరండాలోకి పోవద్దు" అని నాకు చెప్పి వంటింట్లోకి వెళ్లింది.

మంచం మీదే కూర్చుని చెవి ఒగ్గాను. ఎక్కడో దూరంగా ఉరిమింది. ఉరుముతోపాటే, ఇన్నేళ్ల తర్వాత కూడా, నా ముక్కుకు ఒక వాసన తగిలింది. మొదటి చినుకు పడ్డ మట్టి వాసన కాదది. రాగి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వేడి గిన్నె మీద చల్లే నవాసాగరం వాసన. తెల్లగా పొగలు లేచి, గొంతు పట్టేసి, కళ్లలో నీళ్లు తెప్పించే వాసన. ఉరుముకూ దానికీ ఏం సంబంధమని మా కోడలు అడిగి ఉంటే ఒక ఏడాది కథంతా చెప్పాల్సి వచ్చేది. తను అడగలేదు. కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మాది నాపరాయి నేల. ఎర్రగుంట్లలో రైలు దిగి బండి కడితే పొద్దువాలేసరికి ఊరు చేరేవాళ్లం. ఊరికి కాస్త ఎడంగా మా పాళెం. మగవాళ్లలో చాలామంది రాతిగనుల్లో బండలు తీసేవాళ్లు. ఆడవాళ్లు రెడ్ల చేలల్లో కలుపుకూ, జొన్నకోతకూ, చెనక్కాయలు పీకడానికీ పోయేవాళ్లు. తాతల కాలంలోనే క్రీస్తును నమ్ముకున్న కుటుంబాలు మావి. చర్చిని మేం గుడి అనేవాళ్లం. ఆ గుడిని బయటివాళ్లెవరో వచ్చి కట్టించి ఇవ్వలేదు. ఒక కరువు ఏడాది, పనుల్లేక చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, మావాళ్లే గనిలో మిగిలిన రాయి మోసుకొచ్చి, తామే పేర్చి కట్టుకున్నారు. చివర్లో దానికొక గంటగోపురం లేపారు. ఊళ్లో పెద్దరెడ్డి మిద్దె కంటే అది ఎత్తు. చేలల్లో ఎంత దూరం పోయినా కనిపించేది. కలుపు తీస్తూ తీస్తూ నడుం నొప్పి పుట్టి లేచి నిలబడ్డ ఆడవాళ్లు ముందు దానికేసే చూసేవాళ్లు. ఆ నేల మీద మాదంటూ ఎత్తుగా నిలబడింది అదొక్కటే.

గంట కొట్టేవాడు మా అవ్వకు తమ్ముడు. అవ్వంటే మా నాయనను కన్నతల్లి. ఆమె తమ్ముణ్ణి నేను చిన్నతాత అనేదాన్ని. గంటతాడు పట్టుకుని వేలాడటానికి చిన్నతాత పిల్లలెవరినీ రానిచ్చేవాడు కాదు. దానికి బదులుగా పంచె చెంగులో మూటకట్టిన బొరుగులు తలా గుప్పెడు పెట్టి పంపేవాడు. ఆ బొరుగులకు చుట్టపొగాకు వాసన. మాకు అదే రుచి.

ఒక ఆదివారం సాయంత్రం, ఆరాధనకు ఆయన గంట కొడుతుండగా పిడుగు పడింది. అప్పటికే వాన పడుతోంది. తాడు తడిసి ఉంది. గోపురం కొసనున్న రాతిసిలువ విరిగి కింద పడింది. గోడ నిలువునా చీలింది. చిన్నతాత తాడు వదలకుండానే పోయాడు. దాన్ని గురించి ఇంతకంటే చెప్పలేను. మా అవ్వ బతికున్నన్నాళ్లూ ఇంతకూడా చెప్పలేదు.

గుడి పక్కనే పెద్దరెడ్డి కళ్లం. జొన్నచొప్ప వాములు మా గుడిగోడకు దగ్గరగా ఉండేవి. ఆ రోజు ఒక వామి అంటుకుని, వాన గట్టిగా కొట్టడంతో ఆరిపోయింది. పెద్దరెడ్డి చెడ్డవాడేం కాదు. చావు పలకరింపుకు వచ్చి, మా అవ్వ ముందు తలవంచుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత నాయనను పక్కకు పిలిచాడు. నాయన మా పాళెం బడికి అయివారు. ఆదివారాలు వాక్యం చెప్పేదీ ఆయనే.

"ఏమప్పా అయివారూ," అన్నాడు పెద్దరెడ్డి. "మనిషి పోయినాడు. నా వామి కాలింది. ఆ గోపురం అంత ఎత్తుగా ఉండబట్టే గదా పిడుగు పడతాండాది. సగానికి దించేయండి. కూలోళ్లను నేనే పంపిస్తా."

నాయన చీలిన గోపురానికేసి చూశాడు. తర్వాత అన్నాడు. "ఎత్తుగా ఉండాదనే పడింది రెడ్డీ. ఆ మాట నిజమే. దీన్ని దించితే దీని తర్వాత ఎత్తయిన దాని మీద పడతాది. ఊళ్లో దీని తర్వాత ఎత్తు మీ మిద్దెనే."

పెద్దరెడ్డి తన మిద్దెకేసి చూసుకున్నాడు. "అయితే ఏం చెయ్యమంటావు?"

"చెరువుకు మరవ ఎందుకు కడతాం? నీళ్లు ఎక్కువైతే కట్ట తెగకుండా పక్కనుంచి పోవల్లనే గదా. పిడుగు కూడా అట్లాంటిదే. అది కరెంటు. రాయిలో దానికి దారి దొరకదు, పగలగొట్టుకుని పోతాది. రాగిలో అయితే సులువుగా పోతాది. గోపురం కొస నుంచి భూమిలో దాకా యాడా తెగకుండా రాగిపట్టీ ఏస్తే, పిడుగు గోడను ముట్టకుండా మట్టిలోకి దిగిపోతాది. ట్రైనింగు స్కూల్లో మాకు పాఠం చెప్పినారు."

"నీ రాగి మరవ పని చెయ్యకపోతే?"

"నేనే నిలబడి గోపురం దించతా."

"సరే. మళ్లా వానలొచ్చేదాకా చూస్తా," అని పెద్దరెడ్డి వెళ్లిపోయాడు.

మాట అయితే ఇచ్చాడు గానీ, మా నాయన దగ్గర రాగి కొనే డబ్బు లేదు. పాళెం మొత్తంలో లేదు. అప్పటిదాకా గంట కొట్టడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆదివారం పొద్దున నాయనే ఇంటింటికీ తిరిగి ఆరాధనకు పిలిచేవాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక సంగతంతా అందరికీ చెప్పాడు. రాగి కావాలన్నాడు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రాగి ఎవరింట్లో ఉంటుంది? మట్టికుండలూ సత్తుగిన్నెలూ తప్ప.

మా అవ్వ లేచి బయటికి పోయింది. కోపం వచ్చిందేమో అనుకున్నాం. కాసేపటికి గుడి మెట్ల దగ్గర గణగణమని చప్పుడు. ఆమె తన రాగికాగును దొర్లించుకుంటూ వస్తోంది. నేను రెండు చేతులు చాచినా అందనంత కాగు. ఆమె పెళ్లికి చిన్నతాత గనిలో ఒక ఏడాది పనిచేసి కొనిచ్చింది. మా ఇంట్లో తాగేనీళ్లు అందులోనే ఉండేవి. వారానికోసారి చింతపండూ ఇసకా పెట్టి తోమితే, దాని పొట్టలో మా ఇల్లంతా ఎర్రగా కనిపించేది.

"అమ్మా, అది చిన్నమామ పెట్టింది గదా," అన్నాడు నాయన.

"వానిదే. అందుకే తెచ్చినా," అంది అవ్వ. "ఊరికే నీళ్లు మోసుకుంటా ఉండేదాని కంటే ఇంకో మనిషి పోకుండా కాపాడనీ."

ఆ తర్వాత ఎవరూ ముఖాలు చూసుకోలేదు. ఒకామె మూలనపడ్డ చెంబు తెచ్చింది. ఒకాయన ఎద్దు మెడలో గంట విప్పుకొచ్చి, అది కంచు అని నాయన తిప్పి పంపితే, ఇంటికి పోయి తల్లి కాలి రాగికడియం తెచ్చాడు. చెల్లకుండా పోయిన రాగి కానీలు పిల్లల డబ్బాల్లోంచి బయటికొచ్చాయి. నా మట్టిముంతలోవీ పోయాయి. నేను ఏడవలేదని నాయన అందరి ముందూ చెప్పాడు. నిజానికి ఏడుపు అయ్యాకే ముంత పగలగొట్టాను.

కళాయి సాయిబు ఏటా చెనక్కాయ పంట ఇళ్లకు చేరే కాలంలో వచ్చేవాడు. ఆ ఏడు పంట సరిగా లేకపోయినా వచ్చాడు. వానలు అదనుకు పడక చెట్టుకు నాలుగు కాయలు ఊరితే గొప్ప. గుడి ముందర గుంట తీసి, తోలుతిత్తి పెట్టి, బొగ్గులు రాజేశాడు. అవ్వ కాగును పెద్దకత్తెరతో చుట్టూ తిప్పుతూ, బత్తాయి తొక్క ఒలిచినట్టు, ఒకే పొడుగుపట్టీగా కత్తిరిస్తుంటే పాళెమంతా చుట్టూ చేరి చూసింది. అవ్వ మాత్రం చూడలేదు. ఇంట్లో కూర్చుని ఆయనకోసం జొన్నరొట్టెలు తడుతోంది.

పట్టీకి పట్టీ అతికేచోట చిల్లులు పొడిచి, కానీలను సాగగొట్టి బిళ్లలుగా పెట్టి, మేకులు బిగించి, దాని మీద తగరం కరిగించి పోసేవాడు. అప్పుడు లేచేదే ఆ నవాసాగరం పొగ. ముక్కులు మూసుకుంటూనే మేం దగ్గరికి పోయేవాళ్లం. ఎందుకంటే కొలిమి బూడిదలో చెనక్కాయలు దాచి ఉంచేవాళ్లం. సాయిబు తిత్తి ఊదడం ఆపినప్పుడు పుల్లతో లాగితే, పెంకు నల్లగా మాడి, లోపల పప్పు కమ్మగా ఉడికి ఉండేది. ఆయన చూసీ చూడనట్టు ఉండేవాడు. కత్తిరింపుల్లో రాలిన సన్నముక్కలు ఏరుకుని ఆడపిల్లలం ఉంగరాలు చుట్టుకున్నాం. వేళ్లు పచ్చబడ్డాయి. సాయిబుకు రాగి చాలక పైన ఒక అతుకు మిగిలిపోతే ఆ ఉంగరాలన్నీ మళ్లీ ఆయన దోసిట్లోకి వచ్చి చేరాయి.

"అతుకు గట్టిగా ఉండల్ల సాయిబూ. సందు ఉంటే పిడుగు ఆడ గోడలోకి దూకుతాది," అని నాయన పది రకాలుగా చెప్పాడు.

"అయివారూ, కళాయి పెట్టిన గిన్నెలో చింతపులుసు చిలుము పట్టిందని ఒక్క ఇంటామె కూడా నన్ను తిట్టలేదు. నా అతుకు గురించి దిగులు లేకుండా నిద్రపోండి," అన్నాడు సాయిబు.

గనిలో పనిచేసేవాళ్లు తాళ్లు కట్టుకుని గోపురం ఎక్కారు. పాతసిలువ ఉన్నచోట ఒక పొడుగు గడ్డపారను మొన పైకి పెట్టి నిలబెట్టారు. దాని మొదట్లో నుంచి రాగిపట్టీ గోడ మీదుగా దిగింది. అడుగున మనిషి లోతు గుంత తవ్వి, కాగు అడుగుభాగాన్ని పళ్లెంలా పట్టీకి అతికి పూడ్చిపెట్టారు. పళ్లెం చుట్టూ బొగ్గూ రాళ్లఉప్పూ. దాని మీద మట్టి. పని అయిన రోజు పొద్దెక్కాక ఎండ పడితే, నల్లటి నాపరాతి గోపురం మీద ఎర్రటి చార మెరిసింది. గనికి పోయేవాళ్లు వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. నాయన అప్పుడు అసలు మాట చెప్పాడు. గుంత ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండిన మట్టిలోకి కరెంటు దిగదు. రోజుకో బిందెడు నీళ్లు పోయాలి.

ఆ ఏడాది నీళ్ల సంగతి తెలిస్తే గానీ ఆ మాట బరువు తెలియదు. మా పాళెం బావి సంక్రాంతికే అడుగంటింది. ఊరిబావికి మమ్మల్ని రానివ్వరు. వంక ఇసకలో చెలమ తీసి, ఊరే నీటిని చిప్పతో ముంచి బిందె నింపుకోవాలి. ఒక బిందె నిండటానికి కూర్చున్న ఆడవాళ్లు పాళెంలో జరిగిన కథలన్నీ మొదటినుంచి చెప్పుకునేవాళ్లు.

మా అమ్మ ఎప్పుడూ నాయనకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు అందరి ముందూ చెప్పింది.

"పిల్లోల్ల నోట్లోకి నీళ్లు ల్యాక మేం చెలమ కాడ కూచుంటాండాం. నువ్వు మట్టిలో పోయమంటాండావు. ఏం కనపడతాదని పోయల్ల? రాగి ఇమ్మంటే ఇచ్చినారు. ఉప్పిమ్మంటే ఇచ్చినారు. నీళ్లు యాడ తెచ్చేది?"

ఆడవాళ్లంతా ఆమె వెనక నిలబడ్డారు. నాయన ఇంట్లోకి పోయి తన టార్చిలైటు తెచ్చాడు. బ్యాటరీలు బయటికి తీసి, వెదురుగొట్టంలో వరసగా పెట్టి, రెండు కొసలకూ సన్నటి తీగలు కట్టాడు. గనిలో బండలు తీసి చేతులు ఎండి బిరుసెక్కిన ఒక మనిషిని పిలిచి, ఆ తీగకొసలు అరచేతిలో పెట్టాడు.

"ఏమన్నా తెలుస్తాండాదా?"

"ఏం లేదు అయివారూ."

"ఇప్పుడు నాలిక మీద ఎవరన్నా పెట్టుకోండి."

ఎవరూ ముందుకు రాలేదు. మా అవ్వ వచ్చింది. తమ్ముణ్ణి తీసుకుపోయింది ఇదేనని ఆమెకు తెలుసు. తీగలు చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, నాలుక చాపి పెట్టుకుంది. ముఖం చిట్లించింది. తీగలు తీసి, మళ్లీ పెట్టుకుంది.

"చురుక్కుమంటాండాది," అంది. "పుల్లగా ఉండాది."

"ఆ చెయ్యి ఎండిపోయింది. నాలిక తడిగా ఉండాది," అన్నాడు నాయన. "అదే బ్యాటరీ, అవే తీగలు. తడి ఉంటేనే లోపలికి పోతాది. భూమి కూడా అంతే. మన భూమి ఇప్పుడు ఆ చెయ్యి మాదిరి ఉండాది. దాన్ని నాలిక మాదిరి ఉంచల్ల."

తర్వాత పాళెంలో ప్రతి ఒక్కరూ ఆ తీగలు నాలుకకు తగిలించుకున్నారు. పిల్లలం వరసకట్టి రెండుసార్లు పోయాం. మా అమ్మ కూడా పెట్టుకుంది. నోరు తుడుచుకుని, "తడి ఉంటే చాలా? మంచినీళ్లే పోయల్లనా?" అని అడిగింది.

నాయన నవ్వాడు. "మురికినీళ్లయినా ఒకటే. ఉప్పుంటే ఇంకా మంచిది."

దారి దొరికింది. ఆ రోజునుంచి పాళెంలో పిల్లలకు స్నానం గోపురం అడుగునే. ముఖం కడిగేది అక్కడే, పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేది అక్కడే. ఒక ఇంట్లో బట్టలు జాడించిన నీళ్లూ, ఇంకో ఇంట్లో పప్పు నానబెట్టిన నీళ్లూ అక్కడికే చేరేవి. గుడికి వచ్చేవాళ్లు కాళ్లు కడిగి లోపలికి పోయే అలవాటు మా పాళెంలో అట్లా మొదలయింది. ఒకరోజు మగపిల్లలు కొందరు సాయంకాలం ఆ గుంత దగ్గర నిలబడి వేరే పద్ధతిలో తడుపుతుంటే నాయన చూశాడు.

"ఉప్పునీళ్లే గదా అయివారూ," అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"పాఠం బాగానే నేర్చుకున్నావు. కరెంటు ఏమనుకోదు గానీ, ఇది దేవుని గుడిరా," అని చెవి పట్టుకుని పంపాడు. అన్నాక వెనక్కి తిరిగి నవ్వుకోవడం నేను చూశాను.

ఊళ్లో మాత్రం నవ్వులే నవ్వులు. రాగితీగకు నీళ్లు పోసి మొలిపిస్తున్నారని చేలల్లో మా ఆడవాళ్లను ఆటపట్టించేవాళ్లు. అమ్మావాళ్లు తలవంచుకుని కలుపు తీసి, సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు ఆ గుంత దగ్గరే కడుక్కునేవాళ్లు. అదంతా మొండితనమో నమ్మకమో అప్పుడు నాకు తెలిసేది కాదు.

ఎండలు ముదిరాయి. నాపరాళ్లు పగలంతా కాగి, పొద్దుగూకాక కూడా అరికాళ్లను చురచురలాడించేవి. చెలమ లోతు పెరుగుతూ పోయి, ఒకనాటికి అడుగున రాయి తగిలింది. తాగేనీళ్లకు ఆమడదూరం పోవాల్సి వచ్చింది. ఇక స్నానాలెక్కడివి? పిల్లల ఒళ్లు తడిగుడ్డతో తుడిచి వదిలేసేవాళ్లు. గుంత మీద మట్టి తెల్లబారి, పగుళ్లు విచ్చింది. నాయన రోజూ పోయి ఆ పగుళ్లు చూసి వచ్చేవాడు. తాగేనీళ్లు పోయమని ఎవరినీ అడగలేదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మింది. వేసవి ముగింపులో వచ్చే నల్లటి మబ్బు. గాలి ఆగిపోయింది. కాకులు అరవడం మానేశాయి. ఉరుము మొదలయింది గానీ చినుకు లేదు. నాయన బడి వదిలిపెట్టి, పిల్లల్ని ఇళ్లకు తరిమి, ఎవరూ గోపురం దగ్గరికి పోకూడదని వీధివీధికీ చెప్పుకుంటూ పోయాడు. ఆయన పాళెం అవతలి కొసన ఉండగా, మా ఇంట్లో అవ్వ లేచింది. మూలనున్న మట్టికడవలో ఆ రోజుకు మాకున్న నీళ్లు ఉన్నాయి. తెల్లవారుజామున అమ్మ ఆమడదూరం నడిచి తెచ్చినవి. అవ్వ ఆ కడవ చంకకెత్తుకుంది.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"గుంత ఎండిపోయి ఉండాది," అంది అవ్వ.

"పోయండి," అంది అమ్మ. "బిరాన రండి."

నేను చెంబు ముంచుకుని ఆమె వెనక పరుగెత్తాను. అమ్మ కేక వినిపించింది గానీ ఆగలేదు. గోపురం అడుగుకు పోయేసరికి ఎదురింటామె ఒక బిందెతో వస్తోంది. ఆమె వెనక ఇంకొకామె. ఎవరు చెప్పారో, ఎవరిని చూసి ఎవరు కదిలారో. తలా కాస్త తాగేనీళ్లు తెచ్చి ఆ పగుళ్లలో పోశారు. నేల గుటగుటమని తాగింది. చల్లటి మట్టివాసన గుప్పుమంది. మెరుపు కళ్లకు కొట్టింది. "పోండి, పోండి," అని అవ్వ అందరినీ తరిమి, నా రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

గడప లోపల కాలు పెట్టాం. అప్పుడు పడింది.

తెల్లటి వెలుగు, ఆ వెంటనే ఒళ్లంతా అదిరే చప్పుడు. గోడలో గూటి మీది దీపపుబుడ్డి కిందపడి పగిలింది. చెవుల్లో ఏమీ వినిపించలేదు. తర్వాత సన్నగా ఒక నాదం తెలిసింది. గోపురంలో గంట. ఎవరూ తాడు పట్టకుండానే అది కాసేపు గుంయ్‌మంటూ ఉంది. అవ్వ నా తల తన కడుపుకు అదుముకుని నిలబడింది.

వాన అప్పుడు మొదలయింది. వడగళ్లతో, గాలితో, ఇంటిముందు కాలవ కట్టేదాకా పడింది. నాయన తడిసి ముద్దయి ఇంటికొచ్చాడు. ఖాళీకడవ చూసి సంగతి తెలుసుకున్నాడు. ఆయన అంత కోపంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఒక్క నిమిషం ఆలస్యమయ్యుంటే మీరు యాడుందురు? ఎవరూ పోవద్దని చెప్తాంటే అది మీకు కాదా?"

"కాదు," అంది అవ్వ. "తడి ఉండల్లని నువ్వే గదప్పా చెప్పింది."

నాయన గడప మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఉరుములు పూర్తిగా పోయాక అందరం గోపురం దగ్గరికి పోయాం. గడ్డపార మొన కాస్త కరిగి మొద్దుబారింది. గోడ మీద కొత్త గీత కూడా లేదు. పట్టీకి కిందివైపున్న అతుకుల్లో ఒకచోట తగరం కారి, కానీబిళ్ల నల్లబడింది. అంతే. సాయిబు అతుకు ఊడలేదు. వాములు తడిసి నిలబడి ఉన్నాయి. ఒక్క పోచ కూడా కాలలేదు.

పెద్దరెడ్డి గొడుగేసుకుని వచ్చాడు. గుడిచుట్టూ తిరిగాడు. వాములు చూసుకున్నాడు. పట్టీ మీద చెయ్యిపెట్టి పైనుంచి కిందికి తడిమాడు.

"దీని మీదనే పడిందా అయివారూ?"

"దీని మీదనే రెడ్డీ. మొన చూడండి."

"ఇంత చప్పుడు చేసింది, ఏ దారిన పోయినట్టు?"

నాయన తడిమట్టిని చూపించాడు. పెద్దరెడ్డి దాన్ని చాలాసేపు చూశాడు. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లు దేన్ని చూసి నవ్వారో ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

"గోపురం ఉండనీలే," అన్నాడు. "మా మిద్దెకు కూడా ఒకటి ఏసిపెట్టు. రాగికి కొదవ లేదు. నీళ్లు పోసేదానికి మీ ఆడోళ్లను పంపియ్యి. కూలి ఇస్తా."

నాయన నోరు తెరిచేలోపు అవ్వ జవాబు చెప్పింది. పెద్దరెడ్డి ముందు ఆమె తలెత్తి మాట్లాడటం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

"పట్టీ మావోడు ఏస్తాడు రెడ్డీ. నీళ్లు మాత్రం మీ ఇంట్లోవాళ్లే పోసుకోవల్ల. ఈడ యా ఇంటి నీళ్లు ఆ ఇంటోళ్లే మోసినారు."

పెద్దరెడ్డి ఆమెను చూశాడు. ఆయనకు కోపం వస్తుందని భయపడ్డాం. ఆయన గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అట్లే కానీలే," అని వెళ్లిపోయాడు. ఆ వానాకాలంలోనే మిద్దెకు పట్టీ వేశారు. దాని అడుగున వాళ్లింటి ఆడవాళ్లే నీళ్లు పోసేవాళ్లని చేలల్లో పనికి పోయిన మా అమ్మ చూసి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక చెప్పింది.

తర్వాతి ఆదివారం గంట ఎవరు కొట్టాలనే మాట వచ్చింది. మగవాళ్లు ఆలోచిస్తుండగానే అవ్వ పోయి కొత్తతాడు పట్టుకుంది. ఆడమనిషి గంట కొట్టడం మా గుడిలో ఎన్నడూ లేదు. ఎవరూ వద్దనలేదు. మొదట తాడు కదల్లేదు. తర్వాత కాళ్లు నేలకు తన్నిపెట్టి లాగింది. గనుల్లో ఉన్నవాళ్లకు కూడా వినిపించిందని చెప్పుకున్నారు.

ఆ పాళెం ఇప్పుడు లేదు. గనులు మూతపడి మావాళ్లు తలోదిక్కూ పోయారు. చెలమ ఉన్న వంక పూడిపోయింది. సాయిబు లాంటి వాళ్లు ఊరూరూ తిరిగే రోజులు పోయాయి. నాయన, అమ్మ, అవ్వ ఆ గుడి వెనకే మట్టిలో ఉన్నారు. వాళ్లను తలుచుకున్నప్పుడు నాకు దిగులు కంటే గర్వమే ముందొస్తుంది. కంటికి కనపడని దాన్ని ఒకసారి నాలుకతో రుచి చూసి, అర్థం చేసుకుని, దానికోసం తాగేనీళ్లు పోయగలిగిన మనుషులు వాళ్లు. చదువుకున్నవాడు నాయన ఒక్కడే. అర్థం చేసుకున్నవాళ్లు అందరూ.

నేను కర్నూలులో కాలేజీలో చేరిన ఏడు, ఫిజిక్సు క్లాసులో కోస్తా నుంచి వచ్చిన లెక్చరరుగారు పిడుగుల పాఠం చెబుతూ, మీలో ఎవరైనా పిడుగు నుంచి కాపాడే రాగిపట్టీని చూశారా అని అడిగారు. వెనక బెంచీలో ఉన్న ముగ్గురు ఆడపిల్లల్లో నేను లేచాను.

"మా గుడికి ఉండాది సార్," అన్నాను.

క్లాసంతా నవ్వింది. మా పాళెం మాట విని నవ్వారని నాకు తెలుసు. నేను కూర్చోలేదు. ఆయన నవ్వినవాళ్లను కసిరి, వచ్చి బొమ్మ గీసి చూపించమన్నారు. సుద్దముక్క తీసుకుని గోపురం గీశాను. గడ్డపార గీశాను. పట్టీ గీశాను, మధ్యలో అతుకులతో సహా. పుస్తకంలో బొమ్మ అయితే నేల దగ్గర, భూమికి గుర్తుగా వేసే మూడు అడ్డగీతలతో ఆగిపోతుంది. నేను ఆగలేదు. చంకన కడవతో ఒక ముసలామెను గీశాను. ఆమె వెనక ఇంకొకామెను, ఆమె వెనక ఇంకొకామెను, బోర్డు అంచు వచ్చేదాకా గీశాను.

"ఇదేమిటమ్మా?" అన్నారు లెక్చరరుగారు.

"ఎర్తింగు సార్," అన్నాను.